పచ్చ దీపం నిజమే చెబుతోందా?

మన ఇళ్లలో బదిలీ ఆర్డరు రాగానే ముందు సర్దేవి ట్రంకుపెట్టెలు, చివరగా సర్దేది టార్చిలైటు. కొత్త క్వార్టర్సులో మొదటి రాత్రే కరెంటు పోతే దారి చూపేది అదే కదా! మాలో ఒకరి నాన్నగారికి ఈసారి లేహ్‌కు బదిలీ అయింది. వాళ్లు టార్చి కోసం బజారులో చవకగా ఒక చార్జరు కొన్నారు. "రాత్రి పెట్టి పడుకోండి, తెల్లారేసరికి పచ్చ దీపం వెలుగుతుంది" అన్నాడట దుకాణదారు. పచ్చ దీపం వెలిగితే చార్జింగ్ నిజంగా ఆగినట్టేనా? ఈ ప్రశ్నతో ఫిజిక్స్ మేడమ్ దగ్గరకు వెళ్లాము.

ఆ టార్చిలో ఉన్నది 18650 రకం లిథియం అయాన్ సెల్. కొలతలు పేరులోనే ఉన్నాయి: వ్యాసం 18 మిల్లీమీటర్లు, పొడవు 65 మిల్లీమీటర్లు. ఇలాంటి సెల్ సాధారణంగా 4.2 వోల్టులకు నిండుతుంది. అక్కడితో ఆపాలి. ఆపకపోతే లోపలి ద్రావణం విచ్ఛిన్నమై వాయువులు పుడతాయి, సెల్ వేడెక్కుతుంది, ఒక్కోసారి నిప్పు కూడా అంటుకుంటుంది.

మంచి చార్జరు పని కుళాయి కింద బిందె నింపడం లాంటిది. మొదట ధార ఒకే వేగంతో పడుతుంది. అంచు దగ్గర పడుతుంటే కుళాయిని కొద్దికొద్దిగా తిప్పుతూ ధార తగ్గిస్తాం. నిండగానే పూర్తిగా కట్టేస్తాం. చార్జరు కూడా మొదట స్థిరమైన కరెంటు పంపుతుంది. 4.2 వోల్టులు రాగానే వోల్టేజీని అక్కడే నిలిపి కరెంటును తగ్గనిస్తుంది. అది బాగా తగ్గాక, సుమారు పదో వంతుకు వచ్చాక, పూర్తిగా ఆపేస్తుంది.

పరీక్షను ల్యాబులో, మేడమ్ ఎదుటే చేశాము. చార్జరును స్టీలు పళ్లెంలో పెట్టి, పక్కన పొడి ఇసుక బకెట్టు ఉంచుకున్నాము. కరెంటు కొలవడానికి రెండు పలుచని రాగి రేకుల మధ్య కాగితం ఉంచి, సెల్‌కూ చార్జరు స్ప్రింగుకూ మధ్య దూర్చాము. రెండు రేకులకు మల్టీమీటరు తీగలు కలిపితే కరెంటు మీటరు గుండానే వెళ్తుంది. మీటరు కూడా కొంచెం అడ్డుపడుతుంది కాబట్టి ప్రతిసారీ ఒక్క నిమిషమే అలా కొలిచి తీసేశాము.

ఉదయం 8 గంటలకు సెల్ 3.62 వోల్టులు చూపింది. చార్జరు మీద 500 మిల్లీ ఆంపియర్లు అని రాసి ఉంది కానీ వచ్చింది 410. ఇది పెద్ద తప్పు కాదు, ఆలస్యం అవుతుందంతే. పదకొండున్నరకు పచ్చ దీపం వెలిగింది. అప్పుడు వోల్టేజీ 4.19. "చార్జరు మంచిదే!" అని చప్పట్లు కొట్టాము. మేడమ్ మాత్రం "సెల్ తీయకండి, కరెంటు చూడండి" అన్నారు. చూస్తే ఇంకా 40 మిల్లీ ఆంపియర్లు పారుతోంది! దీపం రంగు మారింది కానీ కుళాయి కట్టలేదు. ఒంటిగంటన్నరకు వోల్టేజీ 4.26 అయింది. వెంటనే సెల్ తీసేశాము.

తప్పు మీటరుదేమోనని రెండో మీటరుతోనూ కొలిచాము. అదీ అంతే చూపింది. మర్నాడు అదే సెల్‌ను టార్చిలో వాడి, మాలో మరొకరి ఇంటి పాత చార్జరులో పెట్టాము. దీపం మారగానే కరెంటు సున్నా అయింది. రెండు గంటల తర్వాత కూడా వోల్టేజీ 4.2 దాటలేదు. లోపం సెల్‌లో లేదు, చవక చార్జరులోనే ఉంది. రెండు గంటలకే అలా ఎక్కితే, రాత్రంతా వదిలేస్తే?

మరి మీటరు లేనివాళ్లు ఏం చేయాలి? చార్జింగ్ పెట్టి పడుకోకండి. దీపం మారగానే సెల్ తీసేయండి. సెల్ బాగా వేడెక్కినా, ఉబ్బినా, పైపొర చిరిగినా పెద్దలకు చెప్పి వాడకం మానేయండి. కొనేటప్పుడు బి.ఐ.ఎస్. గుర్తు ఉందేమో చూడండి. మేము పరీక్షించిన చార్జరు మీద అది లేదు.

ఊళ్లు మారే మనకు ఇంకో రెండు మాటలు. సున్నా డిగ్రీల కన్నా చల్లగా ఉన్న సెల్‌ను చార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని సెల్ పాడవుతుంది. కాబట్టి లేహ్ లాంటి చోట్ల చలికాలంలో గది వెచ్చదనానికి వచ్చాకే చార్జింగ్ పెట్టాలి. విమానంలో వెళ్తే విడి సెల్‌లను చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు. కొనలకు టేపు అంటించి చేతిసంచిలోనే ఉంచుకోవాలి.

ఆ చవక చార్జరు ఈ-వ్యర్థాల డబ్బాలోకి చేరింది. లేహ్ వెళ్లే ట్రంకులో టార్చి పక్కన ఇప్పుడు వేరే చార్జరు ఉంది. దాన్ని కూడా మేము కొలిచాకే సర్దారు.