కోతీ, నీటిపిట్టా ఒకే జాబితాలో ఎందుకున్నాయి?

మొయినాబాద్ దగ్గరి గండిపేట, హిమాయత్‌సాగర్ లాంటి జలాశయాల మీద పసుపు ముక్కుతో ఎగిరే నీటిపిట్ట రివర్ టెర్న్‌ది సముద్రపు గల్ పక్షుల కుటుంబం. నడినెత్తి నుంచి జుట్టు చుట్టూ పరుచుకున్న బానెట్ కోతి మనలాగే పాలిచ్చి పెంచే జీవి. మరి ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ రెండింటినీ ‘ముప్పున్నవి’ అని ఒకే జాబితాలో ఎందుకు రాసింది?

ఆసుపత్రిలో ఇంటిపేర్లు వేరైనవాళ్లు ఒకే వార్డులో ఉంటారు కదా! వర్గీకరణ చుట్టరికం చెబుతుంది, ఆ జాబితా ఆపద ఎంతో చెబుతుంది.

టెర్న్ ఎక్కువగా ఇసుకతిన్నెల మీద గుడ్లు పెడుతుంది. నీళ్లు పెరిగినా, కుక్కలొచ్చినా అవి పోతాయి. కోతి కష్టం వేరు. రోడ్డు వెడల్పు కోసం మర్రిచెట్టు కొట్టేస్తే దాని తిండీ పోతుంది, పడకా పోతుంది. పైగా ఉత్తరాది రీసస్ కోతులు దాని చోట్లలోకి వస్తున్నాయి. అందుకే చేవెళ్ల దారిలోని పాత మర్రిచెట్లను కొట్టనివ్వకండి.