బ్లర్ ఫోటో అని డిలీట్ కొట్టబోయా!

2021 జూన్ 1తో గూగుల్ ఫోటోస్‌లో అన్‌లిమిటెడ్ ఫ్రీ బ్యాకప్ పోయింది కదా. జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నీ 15 జీబీలోనే సర్దుకోవాలి. నాది నిండిపోయింది. బ్లర్ ఫోటోల లిస్ట్ తెరిచి అన్నీ సెలెక్ట్ చేసేశా.

డిలీట్ నొక్కేముందు ఒకటి కనిపించింది. గరివిడి స్టేషన్ ప్లాట్‌ఫామ్ మీద తాతయ్య, నాకు టాటా చెప్తూ. సాయంత్రం, వెలుతురు తక్కువ, షటర్ ఎక్కువసేపు తెరిచే ఉంది. మొహం కాస్త నిలిచింది, చెయ్యి మాత్రం గిర్రున తిరిగినట్టు పడింది. ఫ్యామిలీ గ్రూప్‌లో పెడితే అమ్మ, "ఏట్రా, మీ తాతకి ఫ్యాన్ రెక్క మొలిచిందేటి?" అంది. అందరికంటే ఎక్కువ తాతయ్యే నవ్వాడు (ఆ వాయిస్ మెసేజ్ ఇంకా ఉంది). ఆయన పోయి రెండేళ్లు.

ఇప్పటి నా ఫోన్ అయితే షటర్ స్పీడ్ పెంచేసి ఆ చెయ్యిని నీట్‌గా ఆపేసేది. ఖర్మ!

అన్నట్టు, బ్యాకప్ అయిన ఫోటో డిలీట్ చేసినా 60 రోజులు ట్రాష్‌లో ఉంటుంది. ఓసారి చూసుకోండి.