చిన్న నగల షాపులకు తరుగు లెక్కే ఆయువుపట్టు

బులియన్ బజారులో 10 గ్రాముల ధర ఎటు తిరిగినా, చేతిపని నగలు చేయించి అమ్మే చిన్న వర్తకుడి లాభనష్టాలను ఏడాది చివర తేల్చేది చాలావరకు వేరొక లెక్క. పనివారికి ఇచ్చిన లోహం ఎంత, నగగా తిరిగి వచ్చినది ఎంత, పొడి, ముక్కలు ఎంత, ఎటుపోయిందో తెలియనిది ఎంత అన్నదే ఆ లెక్క. ధర ప్రతి పూటా చూసుకునే షాపులలో కూడా ఈ లెక్కను నెలకొకసారి చూసుకునేవి తక్కువే.

దీని బరువు ఎంతటిదో ఒక ఉదాహరణ వల్ల తెలియగలదు. ఒక వర్తకుడి పెట్టుబడి 200 గ్రాముల బంగారం అనుకుందాము. అదే బంగారం ఏడాదిలో పదిసార్లు పనికి పోయి నగలుగా వచ్చి, అమ్ముడై, మళ్ళీ లోహంగా మారుతుంది. ఒక్కొక్క విడతలో లెక్కకు రాని నష్టం ఒక శాతమే అయినా విడతకు 2 గ్రాములు, ఏడాదికి 20 గ్రాములు. అనగా రెండున్నర కాసుల బంగారం, పెట్టుబడిలో పదోవంతు. వ్యాపారం ఎంత చురుకుగా సాగితే ఈ నష్టం అంత పెరుగుతుంది. సరుకు బాగా కదులుతున్నా చేతిలో సొమ్ము నిలవడం లేదని చెప్పే షాపులు ముందుగా చూడవలసినది ఇక్కడే.

రెండు తరుగులు

బజారులో తరుగు అన్న మాట రెండు వేరు వేరు విషయాలకు వాడబడుతున్నది. కొనుగోలుదారు బిల్లులో వేసే తరుగు ఒకటి. ఇది పేరుకు తరుగే గాని, నిజానికి పనితనానికి, షాపు ఖర్చులకు, లాభానికి కలిపి వేసే ధర. సాదా గాజుకు తక్కువగా, నకాషీ పని ఉన్న హారానికి ఎక్కువగా ఉంటుంది. రెండవది పనిలో వాస్తవంగా పోయే లోహం. మొదటిది వర్తకుడికి ఆదాయం, రెండవది ఖర్చు. రెంటికీ ఒకే పేరు ఉండడం వలన, కొనుగోలుదారు వద్ద ఇంత శాతం వస్తున్నది గదా అని పనిలో పోయేదాన్ని చూసీచూడనట్లు వదిలివేయడం అలవాటైపోయింది. పోటీ వలన మొదటి తరుగు తగ్గించవలసి వచ్చిననాడు రెండవది అంతే ఉండి లాభాన్ని తినివేస్తుంది. పెద్ద షోరూములు తరుగుపై రాయితీలు ప్రకటించే రోజులలో చిన్న షాపులు చిక్కులో పడేది ఇందువల్లనే.

పనిలో లోహం పోయే చోట్లు అనుభవజ్ఞులకు కొత్త కావు. మూసలో కరిగించేటప్పుడు వెలిగారంతో పాటు కొంత మూసకు అంటుకుంటుంది. కమ్మచ్చులో తీగ లాగేటప్పుడు పోయేది స్వల్పం. ఆకురాయి పట్టినప్పుడు పొడి రాలుతుంది. అతుకు వేసేటప్పుడు, ఆమ్లంలో ఉడికించేటప్పుడు కొంత, చివర మెరుగు పెట్టేటప్పుడు మరికొంత పోతుంది. అయితే బంగారం ఆవిరైపోయేది కాదు. అది 1064 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరుగుతుంది, స్వర్ణకారుడి కుంపటిలో ఆవిరయ్యేంత వేడి పుట్టదు. కనుక పోయిందనుకున్నది కుంపటి బూడిదలోనో, మెరుగు నీళ్ళలోనో, నేల మట్టిలోనో, పనివాడి ఒడిలో పరచుకున్న గుడ్డలోనో ఉండనే ఉంటుంది. మట్టి కడిగి బంగారం తీసేవారు ఊడ్చిన చెత్తకు కూడా రొక్కం ఇచ్చి పట్టుకుపోవడానికి కారణం ఇదే. ఆ మట్టిని ఉజ్జాయింపు ధరకు అమ్మివేయక, ఏడాదికి ఒకసారైనా తన ఎదుట కడిగించి, వచ్చినది తూచి ఖాతాలో వేసుకోవడం మేలు. ఆ మట్టి పనివాడికి చెందుతుందా, షాపుకు చెందుతుందా అన్నది పని మొదలు కాకముందే మాట్లాడుకోవలసిన విషయం. తగాదాలు ఎక్కువగా ఇక్కడే వస్తున్నవి.

లెక్క వ్రాసే పద్ధతి

పనివాడి ఖాతాను రెండుగా చీల్చి వ్రాయడం ఉత్తమం. లోహం ఖాతా గ్రాములలో, మజూరీ ఖాతా రూపాయలలో ఉండాలి. ఈ రెంటినీ కలిపి, మిగిలిన బంగారానికి ధర కట్టి కూలిలో సరిపెట్టుకుంటే ధర మారిన ప్రతిసారీ ఎవరికో ఒకరికి నష్టం తప్పదు. లోహం ఖాతాను మేలిమి లెక్కలోనే నడపాలి. ఇచ్చింది స్టాండర్డు బంగారం, వచ్చింది ఆర్నమెంటు అయినప్పుడు కేవలం తూకాలు పోల్చి చూసుకున్నవారు మోసపోతారు.

ఉదాహరణకు 50 గ్రాముల మేలిమి బంగారం పనికి ఇచ్చినట్లయితే, 22 కారట్ల మచ్చుకు, అనగా 916కు దించడానికి రాగి, వెండి కలిపి సుమారు 4.58 గ్రాములు చేరుతుంది. మొత్తం 54.58 గ్రాములు. నగ 52 గ్రాములు వచ్చి, ముక్కలు, పొడి 2.20 గ్రాములు తిరిగి వస్తే, తేలనిది 0.38 గ్రాము. ఇది 0.7 శాతం. మేలిమిలో చూస్తే సుమారు 0.35 గ్రాము. కలిపిన 4.58 గ్రాములను మరచి, 50 ఇస్తే 52 నగ, 2.20 ముక్కలు వచ్చినవి, అంతా బాగానే ఉన్నదనుకునే కొత్త వర్తకులు లేకపోలేదు. అటువంటి చోట రెండు మూడు గ్రాములు తేడా వచ్చినా కనిపించదు.

నగ రకాన్నిబట్టి తరుగు ఇంతని ముందే కట్టుకుని, అంతకు తక్కువలో పని ముగించిన స్వర్ణకారుడికి మిగులులో కొంత వాటా ఇచ్చే పద్ధతి కొన్నిచోట్ల ఉన్నది. ఇది మంచి పద్ధతి. అనుమానంతో వెంటపడి చూడడం కంటె దీనివల్ల ఎక్కువ లోహం మిగులుతుంది. పనివాడు తానే మట్టి జాగ్రత్త చేస్తాడు.

ఖాతా వ్రాసే అలవాటు ఈ వృత్తికి కొత్తది కాదు. 1963 జనవరిలో బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చి, 14 కారట్లకు మించి కొత్త నగలు చేయరాదన్నప్పుడు వేలాది స్వర్ణకారుల కుంపట్లు ఆరిపోయినవి. కొన్నేళ్ళకు ఆ పరిమితి సడలించినా, 1968 చట్టం క్రింద లైసెన్సులు, రిజిస్టర్లు, తనిఖీలు కొనసాగినవి. 1990లో ఆ చట్టం రద్దయినప్పుడు బజారంతా ఊపిరి పీల్చుకున్నది. చట్టంతో పాటు రిజిస్టరు కూడా అటకెక్కిన షాపులకు మాత్రం ఆ స్వేచ్ఛ కొంత ఖరీదుగానే పరిణమించింది.

నగను ఇతరచోట పనికి పంపేటప్పుడు ఇప్పుడు డెలివరీ చలానా తప్పనిసరి. జి.ఎస్.టి. క్రింద నగ అమ్మకంపై 3 శాతం, ఇతరుల లోహంపై చేసిన పనికి కూలిపై 5 శాతం పన్ను ఉన్నది. చలానాలో తూకంతో పాటు మచ్చు కూడా వ్రాసుకుంటే అదే లోహం ఖాతాకు ఆధారంగా పనికివస్తుంది.

అతుకులోనే ఉన్నది చిక్కు

మచ్చు విషయంలో చిన్న షాపులకు దెబ్బ తగిలేది ఎక్కువగా అతుకుల వద్ద. గొలుసులు, గుండ్లు, జుంకాలు మొదలైన వాటికి అతుకులు అధికం. టంకం తక్కువ మచ్చుది అయితే, 916 రేకుతో చేసిన నగ కూడా మొత్తం కరిగించి పరీక్షించినప్పుడు 916కు దిగువన తేలుతుంది. కాడ్మియం కలిపిన టంకం మచ్చు తగ్గించదని ఒకప్పుడు కె.డి.ఎం. నగలకు గిరాకీ ఉండేది. కాని ఆ పొగ పీల్చిన స్వర్ణకారుడి ఊపిరితిత్తులు చెడిపోతవి. ఆ ఖర్చు ఏ ఖాతాలోనూ పడలేదు గనుక చౌకగా కనిపించింది. నగకు సరిపోయే 916 టంకం వాడించడమే దారి.

2021 జూన్ 16 నుంచి ఎంపిక చేసిన జిల్లాలలో హాల్‌మార్కు తప్పనిసరి అయింది. ఆరు అక్షరాలు, అంకెల గుర్తింపు సంఖ్య లేని నగల అమ్మకాన్ని 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ జిల్లాలలో నిషేధించారు. ఏడాదికి 40 లక్షల రూపాయల లోపు వ్యాపారం చేసేవారికి, 2 గ్రాముల లోపు నగలకు, కుందన్, పోల్కీ, జడావు రకాలకు మినహాయింపు కల్పించారు. ధర పెరిగినకొద్దీ కొద్దిపాటి బరువు అమ్మినా 40 లక్షలు దాటిపోవచ్చు. మినహాయింపును నమ్ముకుని కూర్చోవడం క్షేమం కాదు. ముద్ర వేసిన నగలో మచ్చు తగ్గినట్లు తేలితే, తగ్గిన విలువకు రెండు రెట్లు, పరీక్ష ఖర్చులు కొనుగోలుదారుకు చెల్లించవలసి ఉంటుంది. పనివాడు మారితే ఆ బాధ్యత మారదు, అది అమ్మిన షాపుదే.

గీటురాయిపై సన్నని తేడాలు పట్టుకోవడం ఆరితేరినవారికి కూడా కష్టం. ఎక్స్‌రే యంత్రం వేగంగా చెబుతుంది గాని, పైపొరను మాత్రమే చదువుతుంది. ఆమ్లంలో ఉడికించిన నగపై రాగి కొంత కొట్టుకుపోయి ఉపరితలం ఎక్కువ మచ్చు చూపడం కద్దు. ప్రతి కొత్త పనివాడి మొదటి విడత సరుకులో ఒక ముక్కను కరిగించి పరీక్ష చేయించడం ఖర్చే అయినా, చేయించదగిన ఖర్చు.

పాత నగలు కొనేటప్పుడు ఇదే జాగ్రత్త మరింత అవసరం. గుల్ల గుండ్లలో లక్క, రాళ్ళ క్రింద మైనం బంగారం తూకంలో కలిసిపోతవి. రాళ్ళ బరువు 5 కారట్లకు 1 గ్రాము చొప్పున తీసివేయాలి. ఇక్కడ కారటు అంటే రాళ్ళ తూకపు కారటు, మచ్చుకు చెప్పే కారటు కాదు. తెచ్చినవారి గుర్తింపు పత్రం నకలు, నగ ఫోటో లేకుండా కొన్న సరుకు రేపు దొంగసొత్తుగా తేలితే లోహమూ పోతుంది, మర్యాదా పోతుంది.

ధర కట్టిన ఆర్డర్లు

పెళ్ళి ఆర్డరుకు ఈ రోజు ధర ఖాయం చేసి, బంగారం నెల తర్వాత కొనవచ్చునని ఊరుకున్న వర్తకుడు నగల వ్యాపారం చేయడం లేదు, సట్టా ఆడుతున్నాడు. ధర కట్టిన రోజునే అంత లోహం కొని పెట్టాలి. బయానా పూర్తిగా రానప్పుడు, వచ్చిన సొమ్ముకు ఎన్ని గ్రాములు వస్తవో అన్ని గ్రాములకే ధర కట్టి, మిగిలినది నగ ఇచ్చే రోజు ధరకని రసీదుపై వ్రాయడం రివాజుగా చేసుకోవచ్చును.

ధర ఎంత తొందరగా తిరగబడగలదో చూసినవారు ఉన్నారు. 1980 జనవరిలో లండనులో ఔన్సు 850 డాలర్లకు ఎగబాకిన బంగారం 1982 జూన్ నాటికి 300 డాలర్ల దిగువకు వచ్చింది. 2013 ఏప్రిల్ 15న ఒక్క రోజులోనే సుమారు 9 శాతం పడిపోయింది. 2024 జూలై 23న బడ్జెటులో దిగుమతి సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గించగానే, హెచ్చు సుంకం ధరకు కొన్న నిలవలన్నీ ఆ పూటే చౌకయినవి. పెద్ద సంస్థలు వాయిదా బజారులో రక్షణ పొందగలవు. చిన్న షాపుకు ఉన్న రక్షణ అమ్మిన గ్రాములను ఆ సాయంత్రమే తిరిగి కొనడం. గ్రాము 100 చొప్పున కొని 110కి అమ్మినవాడు 115కు తిరిగి కొనవలసి వస్తే పుస్తకంలో 10 లాభం, పెట్టెలో లోహం తక్కువ. పెరిగే బజారులో షాపులు లాభం చూపుతూనే చిక్కిపోయే తీరు ఇది.

మచిలీపట్నం చిలకలపూడి నగల లెక్క ఇందుకు తలక్రిందులుగా ఉంటుంది. అక్కడ మూలలోహం రాగి వంటి చౌక సరుకు. ఖర్చంతా చేతికూలిలో, పై పూతలో ఉంటుంది. కనుక ఆ వర్తకుడు గంటలు, పూత మందం లెక్కించాలి. ఆ వ్యాపారం నుంచి బంగారం పనికి, ఇటునుంచి అటు మారేవారు పాత లెక్క పద్ధతినే పట్టుకుని పోతే ఇబ్బంది పడతారు.

ఆషాఢంలో, ఇతర శూన్యమాసాలలో గిరాకీ పడిపోతుంది. ఆ రోజులలో పనివారికి పని ఆపివేయడం కంటె, పుస్తెలు, ముక్కుపుడకలు, నల్లపూసల గొలుసుల వంటి ఎప్పుడైనా అమ్ముడుపోయే తేలిక సరుకు చేయించడం నయం. పని లేక వలసపోయిన మంచి స్వర్ణకారుడు శ్రావణానికి తిరిగిరాడు. పత్తి, మిరప సొమ్ము పల్లెలలో దిగే వేళకు చేతిలో సరుకూ ఉండదు.

త్రాసు గురించి ఒక మాట. ఎలక్ట్రానిక్ త్రాసుకు తూనికలు, కొలతల శాఖ ముద్ర ఏటేటా వేయించవలసి ఉన్నది. షాపు త్రాసు, పనివాడి త్రాసు ఒకే తూకం రాయితో నెలకొకసారి సరిచూసుకోవాలి. తూకం వేసే వేళ పంకా ఆపడం మరవరాదు. నగ పనికి పోయేటప్పుడు ఒక త్రాసుపై, వచ్చేటప్పుడు మరొక త్రాసుపై తూచే షాపులో తేలే తేడా తరుగుదో, త్రాసుదో ఎవరూ చెప్పలేరు.