నలుపు గొర్రెదే

తుర్క్‌మెన్ తెగల పాత తివాచీల మీద ఎన్ని పుస్తకాలో! ముడి ఎటు తిరిగింది, ఎరుపు ఏ వేరుది అని సేకర్తలు వాదులాడుకుంటారు. తెలంగాణలో కల్హేర్, నారాయణఖేడ్ వైపు కురుమల నల్ల గొంగడికి ఆ భాగ్యం లేదు. పుట్టుక మాత్రం రెండింటిదీ ఒకటే: మంద వెంట తిరిగేవాళ్లు తమ గొర్రెల ఉన్నితో తమ అవసరానికి నేసుకున్నవే.

తుర్క్‌మెన్‌లలో నేత ఆడవాళ్లది. నేలలో మేకులు కొట్టి మగ్గం పరిచేవారు. మకాం మారితే సగం నేసిన తివాచీతో సహా చుట్టి ఒంటె మీద వేసుకునేవారు. గుడారం గుమ్మానికి తెర, సామాను దాచే సంచి, పెళ్లి ఒంటెకు అలంకారం, అన్నీ ఆ ముడులతోనే. తెక్కే, యోముత్, సాలోర్ తెగల్లో ఒక్కోదానికి ఒక్కో గుర్తు. దాన్ని గుల్ అంటారు. బుఖారా బజారులో అమ్ముడుపోయినందుకు లోకం వాటికి ఆ ఊరి పేరే తగిలించింది. ఆ ఎరుపు మన మంజిష్ఠకు దాయాది మొక్క వేరుది. 19వ శతాబ్దం చివర్లో రసాయన రంగులు వచ్చాయి. అంతకుముందువే అసలువని సేకర్తల పట్టుదల.

గొంగడికి రంగు బెంగ లేదు. ఆ నలుపు దక్కనీ గొర్రె ఒంటిదే. ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, ఉన్నిని విల్లుతో ఏకి, ఆడవాళ్లు వడికితే మగవాళ్లు నేస్తారు. చింతగింజల గంజి పట్టిస్తే నేత బిగుసుకుంటుంది, వాన పైపైనే జారిపోతుంది. కొప్పెర వేసుకుంటే గొడుగు, పరిస్తే పక్క. కురుమల దేవుడు బీరప్ప కొలుపులోనూ దానికి చోటుంది. గుచ్చుకుంటుంది, నిజమే. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరితే ఎట్లా!

తివాచీకి రంగు మారినట్టు, ఇక్కడ గొర్రే మారింది. మాంసానికి గిరాకీ పెరిగి మందల్లోకి నెల్లూరు జాతి వచ్చింది. దాని ఒంటి మీద వెంట్రుకలే తప్ప ఉన్ని ఉండదు. 2017లో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ గొర్రెల పంపిణీ పథకం 75 శాతం రాయితీ మీద 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చింది. వాటిని పొరుగు రాష్ట్రాల నుంచి తెచ్చారు. లెక్కంతా మాంసందే, ఉన్ని ఊసు లేదు. తుర్క్‌మెనిస్తాన్ అయితే 1992లో ఐదు గుల్‌లను జెండా మీదికి ఎక్కించింది. 2019లో ఆ నేతకు యునెస్కో గుర్తింపు వచ్చింది.

కాపరిని తప్పుపట్టలేం. సంతలో పానిపట్ మిల్లు దుప్పటి చవకగా దొరుకుతుంటే గొంగడి కొనేవారెవరు? కత్తిరింపు కూలి కూడా గిట్టని చోట ఉన్నిని పారేయడమే మిగిలింది.