ఆగిన గుండె – వైద్యుల అంచనా



ఆసుపత్రిలో నున్న రోగి గుండె హఠాత్తుగా ఆగినప్పుడు వైద్యులు రొమ్ముమీద బలముగా నొక్కి, ఊపిరి అందించి, కొన్ని సందర్భములయందు విద్యుచ్ఛక్తి తాకించి, దానిని మరల కొట్టుకొనునట్లు చేయ యత్నింతురు. వరండాలో నిలిచిన బంధువులును, వారికి తోడు వచ్చిన ఊరి పెద్దలును అడుగునది ఒక్కటే: "మనిషి దక్కునా?" ఈ ప్రశ్నకు ముందుగానే కొంత జవాబు చెప్పుటకు వైద్యులు లెక్కలు కట్టియున్నారు. వానిని గూర్చి నేడు మనవి చేసెదను.

రొమ్మును చేతులతో నొక్కెడి పద్ధతిని 1960లో అమెరికాలోని బాల్టిమోరు నగరమునుండి కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అను మువ్వురు ప్రకటించిరి. వీరిలో మొదటివాడు వైద్యుడు కాడు, విద్యుచ్ఛక్తి ఇంజనీరు. వారు చికిత్స చేసిన 20 మందిలో 14 మంది బ్రతికిరి. లోకము ఆశపడెను. కాని 1983లో బోస్టను నగరపు ఆసుపత్రి యొకటి 294 మంది రోగుల సంగతి ప్రకటింపగా, ఇల్లు చేరినవారు 41 మందియే అని తేలినది. న్యుమోనియా ఉన్నవారిలో ఒక్కడును ఇల్లు చేరలేదట.

ఒక్క ఆసుపత్రి లెక్క చాలదు గదా! 2013లో మార్క్ ఈబెల్ అను వైద్యుడును, ఆయన తోడివారును 366 అమెరికా ఆసుపత్రులలోని 51,240 మంది రోగులను పరిశీలించి, 13 విషయములతో ఒక పట్టిక సిద్ధపరచిరి. బ్రతుకుట మాత్రమే కాదు, మెదడు చెడక బ్రతుకుట వారి ప్రశ్న. ఒక్కొక్క చెడు లక్షణమునకు కొన్ని మార్కులు కలుపుదురు; మార్కులు పెరిగినకొలది ఆశ తగ్గును. గుండె ఆగుటకు ముందు రోగి బుద్ధి, స్పృహ చక్కగా నున్నచో 15 తీసివేయుదురు.

ఉదాహరణము చెప్పెదను. గుండెజబ్బుతో చేరిన 86 ఏండ్ల వృద్ధుడు; తెలివి చక్కగా నున్నది, ఇతర వ్యాధులు లేవు. వయస్సునకు 11 కలిపి, తెలివికి 15 తీసివేయగా సున్నకు 4 తక్కువ. ఇట్టివారిలో నూటికి 3 నుండి 15 మంది వరకు మెదడు చెడక ఇల్లు చేరుదురు. 60 ఏండ్లవాడు మరియొకడు; గుండెకు సంబంధింపని వ్యాధితో చేరినందుకు 7, రక్తమున క్రిములు వ్యాపించినందుకు 7, రక్తపుపోటు పడిపోయినందుకు 5, మూత్రపిండములకు 4, ఊపిరి ఆడనందుకు 4. మొత్తము 27. స్పృహ సరిగా లేదు గనుక తీసివేతయు లేదు. 24 దాటినవారిలో నూటికి ఒక్కడైనను అట్లు ఇల్లు చేరుట లేదు. "ముసలివాడు, లాభమేమి?" అని తొందరపడి పలుకువారికి ఈ రెండు లెక్కలను చూపవలెనని నా కోరిక.

న్యుమోనియాకు ఈ పట్టికలో ఒక్క మార్కే! ఊపిరి ఆడకపోవుట, రక్తపుపోటు పడిపోవుట వంటి దాని పరిణామములను వేరుగా లెక్కించుటచేత దాని పాలు తగ్గినదని నా యూహ.

నూటికి ముగ్గురనగా ఆ ముగ్గురిలో మనవాడున్నాడో లేడో పట్టిక చెప్పదు. అదియు అమెరికా రోగులనుండి పుట్టినదే. దాని ముఖ్యోపయోగము గుండె ఆగకముందే: రోగి మాటాడగలిగినపుడే అతని కోరిక యేమో అడిగి తెలిసికొనుటకు.

గుండె మరల కొట్టుకొన్నను తెలివి రానివారి విషయము వేరు. మెదడు సంగతి తేల్చుటకు కనీసము 72 గంటలు ఆగవలెనని వైద్యుల నియమము. మత్తుమందులు ఇచ్చియున్నయెడల ఇంకను ఆగుదురు. కాబట్టి మొదటి రాత్రి డాక్టరుగారు "ఇప్పుడు చెప్పలేను" అన్నచో, ఆయన దాచుచున్నాడని అనుకొనకుడు.