నవ్విన చంద్రుడికీ నుదుట చోటు

కాకుమాను పల్లెసీమలోనూ, తెలుగునాట ప్రతి ఊరిలోనూ వినాయక చవితినాడు అక్షతలు చేతబట్టి వినే కథ ఒకటుంది. కుడుములు, ఉండ్రాళ్ళు ఆరగించి కైలాసం చేరిన విఘ్నేశ్వరుడు తల్లిదండ్రులకు మొక్కబోయాడు. నిండిన ఉదరం వంగనీయలేదు. శివుని శిరసుపై ఉన్న చంద్రుడు అది చూసి నవ్వాడు. ఆ చూపు సోకి గణపతి ఉదరం పగిలింది. తల్లి గుండె మండి శాపమైంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ చంద్రుడు ఎవరు? దక్షుని శాపంతో తానే క్షయించి, శివుని దయవల్ల ఆ శిరసుపై ఆశ్రయం పొందినవాడు. ఒక పక్షం పెరిగి మరో పక్షం తరిగే తన దేహాన్ని మరచి, మరొకరి దేహాన్ని చూసి నవ్వాడు. మనమూ అంతే కదా!

పెళ్ళి పందిట్లో బంధువు ఒకరు, "ఏమే అమ్మాయ్, ఇంత లావయ్యావేమిటే?" అంటారు. అన్నవారు మరుక్షణమే మరచిపోతారు. విన్న పిల్ల మాత్రం విస్తరి ముందు ముద్ద మింగలేక, మరుసటి శుభకార్యానికి రానంటుంది. స్థూలత్వానికి థైరాయిడ్ లోపం, కాన్పు, మందులు, వంశం ఇలా ఎన్నో కారణాలు. అవేవీ అడిగినవారికి తెలియవు.

ఎదుటివారికి కలత కలిగించనిదీ, సత్యమూ, ప్రియమూ, హితమూ అయిన మాటను వాక్కుతో చేసే తపస్సుగా భగవద్గీత పదిహేడవ అధ్యాయం చెప్పింది. సత్యమొక్కటే చాలదన్నమాట.

మరి నొచ్చుకున్నవారు ఏం చేయాలి? మాటకు మాట విసిరితే గాయం రెండవుతుంది. మౌనంగా మింగితే లోలోపల పుండవుతుంది. "ఆ మాట నన్ను బాధిస్తోంది పిన్నీ. అది వదిలేయండి. మీ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి?" అని మెల్లగా అడగవచ్చు. హద్దూ నిలుస్తుంది, ఆప్యాయతా మిగులుతుంది. కరుణ అంటే అవమానాన్ని ఒప్పుకోవడం కాదు. అన్నవారినీ మనిషిగానే చూడడం.

పార్వతీదేవి కూడా దేవతల ప్రార్థన విని, శాపాన్ని ఆ ఒక్క చవితినాటికే పరిమితం చేసింది. కోపానికీ ఒక హద్దు గీసింది.

గణపతి షోడశ నామాలలో లంబోదరుడు ఒకటి. పత్రపూజలో ఆ నామంతోనే రేగు ఆకు సమర్పిస్తాం. ఏ ఉదరాన్ని చూసి చంద్రుడు నవ్వాడో, అదే పూజానామమైంది. అదే వరుసలో ఫాలచంద్రుడనే నామమూ ఉంది. నుదుట చంద్రుని ధరించినవాడని అర్థం. నవ్వినవాడికి ఆయన నుదుట చోటిచ్చాడు.

ఈసారి చవితికి కథాక్షతలు శిరసున వేసుకునేటప్పుడు, మన నవ్వువల్ల ఎవరైనా తలదించుకున్నారేమో ఒక్కసారి తలచుకుందాం.