కాలి గోరు కండలోకి దిగిందా? సర్కారు దవాఖానలో ఉచిత వైద్యం ఇలా పొందండి

కాలి బొటనవేలి పక్కన ఎర్రగా వాచిందా? చెప్పు తగిలినా, దుప్పటి తగిలినా ప్రాణం విలవిలలాడుతోందా? గోరు అంచు పక్కనున్న కండలోకి దిగి ఉండొచ్చు. చాలామంది దీన్ని కూడా గోరుచుట్టు అనే అంటారు. ‘గోరే కదా’ అని ఇంట్లో బ్లేడుతో కోసుకుంటారు. ముప్పు అక్కడే మొదలవుతుంది. తెలంగాణలో ప్రభుత్వ ఆసుపత్రులకు వెళ్తే దీనికి ఫీజు లేకుండా వైద్యం చేస్తారు.

ఎందుకు వస్తుంది?
• గోరును మరీ లోతుగా, మూలలు గుండ్రంగా వచ్చేలా కత్తిరించడం
• వేళ్లను నొక్కేసే బిగుతు బూట్లు, చెప్పులు
• వేలికి రాయి తగలడం, బరువు పడటం
• కొందరికి పుట్టుకతోనే గోరు వంపు తిరిగి ఉండటం

రాకుండా ఏం చేయాలి?
1. స్నానం చేశాక గోరు మెత్తబడుతుంది. అప్పుడు నెయిల్ కట్టర్‌తో అడ్డంగా, తిన్నగా కత్తిరించండి. మూలల్లోకి పోవద్దు.
2. గోరు వేలి చివరతో సమానంగా ఉండాలి. అంతకంటే పొట్టిగా వద్దు.
3. బూట్లలో వేళ్లు కదలాలి. పిల్లలకు పోయినేటి స్కూల్ బూట్లు ఇరుకైతే మార్చండి.
4. పొలం నుంచి వచ్చాక కాళ్లు కడిగి, వేళ్ల సందులు కూడా పొడిగా తుడవండి.

మొదట్లోనే గమనిస్తే
చీము లేకుండా కొద్దిగా నొప్పి, వాపు మాత్రమే ఉంటే, గోరువెచ్చని నీళ్లలో కాస్త ఉప్పు వేసి 15–20 నిమిషాలు కాలు పెట్టండి. రోజుకు రెండు మూడు సార్లు చేసి, ప్రతిసారీ పొడిగా తుడవండి. వేలికి తగలని చెప్పులు వేసుకోండి. రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే దవాఖానకు వెళ్లండి. సున్నం, పేడ, బూడిద లాంటివి పెట్టొద్దు. సూదితో, బ్లేడుతో గెలకొద్దు.

షుగర్ ఉన్నోళ్లకు ముఖ్య గమనిక
పైన చెప్పిన ఇంటి వైద్యం మీకు కాదు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గితే నీళ్లు కాలుతున్నా, పుండు ముదురుతున్నా తెలియదు. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. వేలు ఎర్రబడినా, చీము కనిపించినా అదే రోజు డాక్టర్‌కు చూపించండి. ఆలస్యమైతే వేలు, ఒక్కోసారి పాదం కూడా తీసేయాల్సి రావచ్చు. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఊళ్లోని ఆరోగ్య ఉపకేంద్రంలో షుగర్, బీపీ పరీక్షలు ఉచితం. ఆశా కార్యకర్తను అడగండి.

ఎక్కడికి వెళ్లాలి?
• మొదట: పల్లె దవాఖాన, బస్తీ దవాఖాన లేదా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం
• గోరు తీయాల్సి వస్తే: అక్కడి డాక్టర్ రాసిచ్చిన చీటీతో ఏరియా లేదా జిల్లా ఆసుపత్రి
• తీసుకెళ్లాల్సినవి: ఆధార్ కార్డు, పాత మందుల చీటీలు, షుగర్ రిపోర్టులు

ఆసుపత్రిలో ఏం చేస్తారు?
వేలికి మత్తు ఇంజక్షన్ ఇచ్చి, కండలోకి దిగిన గోరు అంచును మాత్రమే తీస్తారు. అది మళ్లీ లోపలికి పెరగకుండా కొందరికి గోరు మొదట్లో మందు రాస్తారు. కట్టు కట్టి, మామూలుగా అదే రోజు ఇంటికి పంపిస్తారు.

తరచూ అడిగే ప్రశ్నలు

దీనికి ఆరోగ్యశ్రీ కార్డు కావాలా?
అవసరం లేదు. ఇది ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలోనే అయిపోయే చికిత్స. పుండు ముదిరి పెద్ద ఆపరేషన్ దాకా వస్తే మాత్రం, నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి మీ కేసుకు వర్తిస్తుందో లేదో అడగండి. 2023 డిసెంబర్ 9 నుంచి రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి కుటుంబానికి రూ.10 లక్షలు.

కూలి పోతుంది, నాట్లయ్యాక చూపించుకోవచ్చా?
వద్దు. ముందుగా వస్తే కొద్దిరోజుల విశ్రాంతితో పోతుంది. బురదలో దిగి పుండు పెద్దదైతే వారాల తరబడి పని పోతుంది. గోరు తీశాక కూడా పుండు మానేదాకా బురదలోకి దిగొద్దు.

గోరు మళ్లీ వస్తుందా?
అంచు మాత్రమే తీస్తే మిగతా గోరు అలాగే ఉంటుంది. మొత్తం తీస్తే పూర్తిగా పెరగడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పట్టొచ్చు.

వెంటనే వెళ్లాల్సిన లక్షణాలు: చీము, జ్వరం, ఎరుపు పాదం పైకి పాకడం, వేలు నల్లబడటం. నడవలేని స్థితి ఉంటే 108కి ఫోన్ చేయండి.

మీ ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్ల పాదాలు ఈ రోజే ఒకసారి చూడండి. ఈ పీడీఎఫ్‌ను మీ ఊరి వాట్సాప్ గ్రూపులో పంపండి.